ఆసుపత్రి కప్పు మీద మైకు

ఈ సంగతి చెబితే మీ తరం నర్సులు, ఈవిడ కల్పించి చెబుతోందనుకుంటారు. ఒక సర్కారు ఆసుపత్రి కప్పు మీద రెండు మైకు గొట్టాలు కట్టి, ఆ రోజు ఎవరికి కాన్పు అయిందో, ఎవరి ధర్మాన అయిందో సాయంత్రం పూట ఊరంతటికీ వినిపించేవారంటే ఎవరు నమ్ముతారు? ఆ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేశాను కాబట్టి నేను నమ్ముతున్నాను. నమ్ముతున్నానే గానీ, ఇన్నేళ్లయినా అది నాకు మింగుడు పడలేదు.

రావులపాలెం దాటి కోనసీమలోకి దిగాక, కాలవ గట్టున ఉండే ఊరది. పేరు చెప్పను. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తల్లో మాట. అంతకు ముందు మాకు ఏం కావాలన్నా కాకినాడే దిక్కు. లేబర్ రూములో బల్బు మాడిపోతే కాకినాడకి రాయాలి. దూది అయిపోతే కాకినాడకి రాయాలి. వాళ్లు పంపేది మనం అడిగింది కాదు, మనం అడిగింది వాళ్ల దగ్గర ఉండదు. ఒకసారి గ్లవ్స్ అడిగితే గొడుగులు వచ్చాయి. అవి వేరే ఊరివి, మాకు దించేసి పోయారు. వానాకాలం కదా అని మేం వాడేసుకున్నాం కూడా.

అప్పుడు పైనుంచి కొత్త పద్ధతి వచ్చింది. ఇకనుంచి ప్రతి ఆసుపత్రికీ ఊరివాళ్లతో ఒక కమిటీ ఉంటుంది. రోగుల దగ్గర కొద్దిగా ఫీజు వసూలు చేసుకోవచ్చు. ఆ సొమ్ము పైకి పంపనక్కర్లేదు, కమిటీయే ఆసుపత్రికి ఖర్చు పెట్టుకోవచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉన్న బీదవాళ్ల దగ్గర మాత్రం పైసా తీసుకోకూడదు. మేమంతా సంబరపడిపోయాం. మా డాక్టరమ్మగారైతే లేబర్ రూముకి ఏమేం కావాలో వేళ్లు మడిచి చెప్పుకుంటూ వార్డంతా తిరిగారు.

సంబరం కొన్నాళ్లకే చప్పబడింది. మా దగ్గరికి కాన్పుకొచ్చేవాళ్లలో దాదాపు అందరివీ తెల్ల కార్డులే. ఫీజు కట్టగలిగినవాళ్లు రాజమండ్రి నర్సింగ్ హోములకి పోతారు. పైనుంచి వచ్చేది తగ్గింది, కింద వసూలయ్యేది లేదు. ఏం చేయాలో తోచక కమిటీ తల పట్టుకుంది.

ఆ కమిటీ చైర్మన్ గారు ఊళ్లో పెద్ద రైతు. మంచి మనిషి. ఈ మాట నేను వెటకారానికి అనడం లేదు, తర్వాత మీకే తెలుస్తుంది. దాతల్ని పట్టుకుందాం అన్నది ఆయనే. మా వైపు ఇవ్వడానికి వెనకాడరు, కానీ ఇచ్చినవాడి పేరు కనిపించాలి. మా వార్డులో ఫ్యాను రెక్కల మీద పేర్లు, బెంచీ వీపు మీద పేర్లు, నీళ్ల కుండీ మీద పేరు. ఒక దాత వచ్చి, ఫ్యాను తిరుగుతుంటే మా నాన్న పేరు కనపడటం లేదండీ అని బాధపడితే, ఆయన ఉన్నంతసేపూ ఫ్యాను ఆపాం. అది మే నెల. బాలింతలు నా ప్రాణం తీశారు.

మరి కాన్పు ఖర్చు మీద పేరెక్కడ రాస్తాం? మందులు ఒంట్లోకి పోతాయి, దూది చెత్తలోకి పోతుంది. అందుకని చైర్మన్ గారు ఒక ఉపాయం చేశారు. నెలకొక దాత. ఆ నెల తెల్ల కార్డు కాన్పులన్నీ ఆయన ధర్మం. సాయంత్రం ఆసుపత్రి మైకులో దాత పేరు, ఎవరి జ్ఞాపకార్థం ఇచ్చారో ఆ పేరు, పుచ్చుకున్న మనిషి పేరు చదువుతారు.

పుచ్చుకున్న మనిషి పేరెందుకు అని ఎవరూ అడగలేదు. అడిగినా జవాబు సిద్ధంగానే ఉంది. సొమ్ము ఎవరికి ఖర్చు పెట్టిందీ ఊరివాళ్లకి తెలిసేలా ఉంచాలని పైనుంచి వచ్చిన కాగితంలోనే ఉంది. "ఇన్నాళ్లూ కాకినాడలో ఏం జరిగేదో మనకి తెలిసేదా? ఇప్పుడు మన ఊళ్లో మన కళ్లముందే అంతా బహిరంగం" అన్నారు చైర్మన్ గారు. అందరం చప్పట్లు కొట్టాం. మా చర్చిలో కూడా ఆరాధన అయ్యాక కానుకలిచ్చినవాళ్ల పేర్లు చదువుతారు కదా, ఇందులో వింతేముంది అనుకున్నాను.

చదివే పని రిటైరైన తెలుగు మాస్టారికి అప్పగించారు. ఆయన కమిటీ సభ్యుడే. కుర్రతనంలో నాటకాల్లో రాజు వేషాలు కట్టినవాడు. మైకు దొరకడమే ఆలస్యం, ఆయనకి పదేళ్ల వయసు తగ్గింది. "...గారి ఔదార్యమున సుఖప్రసవమై, తల్లీ బిడ్డా క్షేమముగా నున్నారు" అని ఆయన రాగం తీస్తుంటే కాలవ అవతల చాకిరేవు దగ్గరికి కూడా వినిపించేది. రాసిపెట్టుకున్న వాక్యమది. పేర్లు మారేవి గానీ వాక్యం మారేది కాదు.

కొన్ని నెలలు గడిచేసరికి మా కాన్పుల వార్డు బోసిపోవడం మొదలెట్టింది. పరీక్షకి వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. కడుపు చూపించుకుంటారు, బలం బిళ్లలు తీసుకుంటారు. నెలలు నిండాక మాత్రం కనిపించరు. ఇంటి దగ్గర మంత్రసాని చేత పురుళ్లు పోయించుకుంటున్నారని మా ఆయా చెప్పింది. ఎందుకే అంటే, "ఏమోనండి, వాళ్లిష్టం" అని కళ్లు దించుకునేది. డాక్టరమ్మగారు నర్సింగ్ హోము బ్రోకర్ల పనేమో అన్నారు. కమిటీవాళ్లు జనానికి తెలివి లేదన్నారు. మా నెత్తి మీదే గొట్టాలు మోగుతున్నా మాకు మాత్రం వినపడలేదు.

ఊరి చివర కూలీలుండే పేటలో ఒక ఊడ్పుల ముఠా ఉండేది. వరి నాట్లకి ఆడవాళ్లు ముఠాగా కలిసి ఒప్పుకుంటారు. ఆ ముఠాకి పెద్ద ఒక పడుచుపిల్ల. వయసులో చిన్నదే గానీ మాటకి గట్టిది. ఆమె గట్టు మీద నిలబడి సరేనంటే మిగతా ఆడవాళ్లు చేలోకి దిగుతారు, కాదంటే దిగరు. తొలికాన్పు నా చేతుల మీదే అయింది. అది మైకు రాకముందు. రెండోసారి కూడా నెలనెలా వచ్చేది. నిండు నెలల్లో కూడా గట్టు మీద నిలబడి పని చేయిస్తోందని తెలిసి కోప్పడితే, "నేను కూర్చుంటే వాళ్లు పడుకుంటారండి నర్సమ్మగారూ" అని నవ్వేది.

ఆ ఏడు వానాకాలం సార్వా పంట ఊడ్పుల్లో కూలి పెంచమని ముఠా అడిగింది. చైర్మన్ గారు పెంచనన్నారు. ఆమె గట్టు దిగకుండా ముఠాని వెనక్కి తిప్పేసింది. ఆయన పొలం అలాగే ఉండిపోతే, పైఊరి నుంచి మనుషుల్ని తెచ్చి ఊడ్పించుకోవాల్సి వచ్చింది. ఊరంతా వారం రోజులు అదే మాట. నేనూ విన్నాను. విని, మన పని కాదులే అనుకుని ఊరుకున్నాను.

శ్రావణమాసం వచ్చింది. ఆ నెల దాత చైర్మన్ గారే. తల్లిగారి జ్ఞాపకార్థం.

ఒక రోజు మధ్యాహ్నం మా ఆయా పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమెదీ ఆ పేటే. "అమ్మగారూ, మీరొక్కసారి రావాలండి. నిన్నటి నించీ నెప్పులు పడతంది. బిడ్డ రావట్లేదు. మంత్రసాని చేతులెత్తేసిందండి" అంది. ఎవరని అడిగాను. చెప్పింది. డాక్టరమ్మగారికి చెప్పి ఆటో ఎక్కాను.

వాన పడి ఆగింది. ఇంటి గుమ్మంలో మొగుడు నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. లోపల ఆమె నులక మంచం పట్టె పట్టుకుని పడుకుంది. పొట్ట మీద చెయ్యి వేసి తడిమాను. లోపలి బిడ్డ గుండె చప్పుడు గొట్టంతో వినాలని చూశాను. ఒకసారి ఉన్నట్టు, ఒకసారి లేనట్టు.

"నిన్ననగా మొదలైతే ఆసుపత్రికి తీసుకురాకుండా ఏం చేస్తున్నావయ్యా?" అని మొగుడి మీద విరుచుకుపడ్డాను.

"నేనొచ్చానండి. నిన్న పొద్దున్నే వచ్చాను. మా ఆడదానికి నెప్పులొత్తన్నాయి, తెత్తానండి, కాకపోతే డబ్బు నేను కడతాను, పేరు చదవద్దండి అన్నాను. కౌంటర్లో ఆయన, నీది తెల్ల కార్డు కదా, నీ దగ్గర డబ్బు కట్టించుకుంటే నా ఉద్యోగం పోద్ది అన్నారు. ధర్మం కింద రాత్తే పేరు చదవాలి, అది కమిటీ రూలు అన్నారు. నేనేం చెయ్యనండి?"

డబ్బు కడతానన్నవాడి దగ్గర తీసుకోకూడదు. ఊరికే చేస్తే పేరు చదవకుండా వదలకూడదు. రెండూ మా ఆసుపత్రి రూల్సే. ఒకటి పైనుంచి వచ్చింది, ఒకటి మా ఊళ్లో పుట్టింది. రెంటి మధ్యా ఈ పిల్ల నులక మంచం మీద పడి ఉంది.

"నువ్వు ఎత్తుకుని తీసుకురావాల్సింది. పేరుదేముంది?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనుక.

మంచం మీద నుంచి ఆమె మాట్లాడింది. ఆయాసంతో ముక్కలు ముక్కలుగా వచ్చింది మాట. "ఆయన రాత్రే ఎత్తుకోబోయాడండి. నేనే రానన్నాను. కూలి సరిపోదని చైర్మన్ గారి చేలో దిగనన్నదాన్ని నేను. ముఠా అంతా నా మాట మీద నిలబడింది. ఇప్పుడు నా పురుడు ఆయన ధర్మమని మైకులో చదివితే, రేపు నేను గట్టు మీద నిలబడి ఏం మాట్లాడతానండి? ఎవరింటారు నా మాట?"

పేటలో మిగతావాళ్లు ఎందుకు రావడం మానేశారో అప్పుడు తెలిసింది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క దాతతో ఒక్కొక్క లెక్క ఉంటుంది. ఒకరి దగ్గర పాలేరుతనం మానేసినవాళ్లు, ఒకరితో గట్టు తగువున్నవాళ్లు, ఏమీ లేకపోయినా సాయంత్రం బజార్లో నలుగురూ తమ వంక చూసి నవ్వుతారని సిగ్గుపడేవాళ్లు. కాకినాడలో కూర్చున్న గుమాస్తాకి ఈ పిల్ల ఎవరో తెలియదు. ఆ తెలియకపోవడంలో ఒక మర్యాద ఉండేదని నాకు ఆ ఇంట్లో నిలబడేదాకా తట్టలేదు.

"నీ పేరు చదవరు. నేను మాటిస్తున్నాను. పద" అన్నాను.

నా ముఖంలోకి చూసింది. "మీ మాట మీద వత్తన్నానండి" అంది.

ఆటోలోంచి దింపుతుంటే వరండాలో మాస్టారు కనిపించారు. సాయంత్రం చదవాల్సినవి సర్దుకుంటున్నారు. "మాస్టారూ, ఈ అమ్మాయి పేరు చదవకండి. నేను మాటిచ్చాను" అని గట్టిగా చెప్పాను. "అలాగేనమ్మా, నువ్వు పద" అన్నారు ఆయన, దారి ఇస్తూ. ఆ మనిషి మాట తప్పేవాడు కాదు. అందుకే నేను మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆపరేషన్ చేయాలంటే మత్తు డాక్టరు రాజమండ్రి నుంచి రావాలి. అంత వ్యవధి లేదు. డాక్టరమ్మగారు ఫోర్సెప్స్ వేశారు. అక్కడ జరిగిందంతా మీకు చెప్పక్కర్లేదు, మీకూ తెలిసిన పనే. బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. నిండుగా ఉంది, తల నిండా జుట్టు. ఏడవలేదు. డాక్టరమ్మగారు నోట్లో నోరు పెట్టి ఊదారు. నేను వీపు రుద్దాను, కాళ్లు తట్టాను. ఎంతసేపు చేశామో తెలియదు. చివరికి డాక్టరమ్మగారు తల ఎత్తి నా వంక చూసి, మెల్లగా అడ్డంగా ఊపారు. నేను బిడ్డని మెత్తటి గుడ్డలో చుట్టి పక్క బల్ల మీద పెట్టాను. తల్లికి రక్తం ఆగడం లేదు. ఇద్దరం అటు తిరిగాం. ఆమె మెలకువగానే ఉంది. ఏడుపు కోసం వింటోందని నాకు తెలుస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడు నెత్తి మీద గరగరమంది.

ముందు మాస్టారి దగ్గు వినపడింది. తర్వాత చైర్మన్ గారి పేరు, ఆయన తల్లిగారి పేరు. తర్వాత ఆ పిల్ల పేరు, మొగుడి పేరు, పేట పేరు. "సుఖప్రసవమై, తల్లీ బిడ్డా క్షేమముగా నున్నారు" అని ఆయన చివరి అక్షరాన్ని అంత పొడుగున సాగదీశారు.

డాక్టరమ్మగారి చేతులు ఉన్నచోట ఆగిపోయాయి. మంచం మీద ఆ పిల్ల తల తిప్పి బల్ల మీద గుడ్డ మూట వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"ఎవరి బిడ్డండి క్షేమం?" అని అడిగింది.

ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు. పైఅధికారులు నిలబెట్టి అడిగారు, చచ్చిపోయినవాళ్ల బంధువులు చొక్కా చింపుకుని అడిగారు. అటువంటి ప్రశ్న ఇంకొకటి నేను వినలేదు. తలుపు వైపు నడిచాను. ఆ మైకు వైరు పీకి పారేయాలి, అంతే నా బుర్రలో ఉన్నది.

తలుపు తీసేసరికి ఎదురుగా మొగుడు నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ జోడించి ఉన్నాడు. ముఖమంతా నవ్వు. కళ్లలో నీళ్లు.

"చదివితే చదివారు లెండి నర్సమ్మగారూ" అన్నాడు. "ఏం పర్లేదండి. ఇద్దరూ బాగున్నారంట కదా. దాన్ని నేను ఒప్పించుకుంటానండి. బిడ్డనోసారి చూపించండి."

అతనికి ఏం చెప్పానో, ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు. నిజంగా గుర్తు లేదు. అతని ముఖం మీద నవ్వు వెంటనే పోలేదు, అది మాత్రం గుర్తుంది. అర్థమయ్యాక కూడా కాసేపు అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

సంగతి తెలిసి మాస్టారు వరండాలో కూలబడిపోయారు. "చైర్మన్ గారు వచ్చి చదవమన్నారమ్మా. నువ్వు చెప్పిన మాట చెప్పాను. ఆయన మంచికే అన్నారు. నా చేలో దిగనన్న మనిషికి కూడా నేను సాయం చేశానని తెలిస్తే గొడవ సద్దుమణుగుతుంది, చదవండి అన్నారు. లోపల్నించి కబురు వచ్చేదాకా ఆగుదామని కూడా తోచలేదు. ఆ వాక్యం అలవాటైపోయింది" అని తల బాదుకున్నారు. తర్వాత ఆయన గొంతు విప్పి ఏదైనా చదవడం నేను వినలేదు. పెళ్లిళ్లలో పద్యం చదవమన్నా చెయ్యి అడ్డంగా ఊపేసేవారు.

తల్లి బతికింది. మర్నాడు పొద్దున్నే చైర్మన్ గారు వచ్చారు. చేతిలో రొట్టె, అరటిపళ్ల అత్తం. వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. రాత్రంతా నిద్ర లేనట్టుంది.

"నేను మంచికే చదివించానమ్మా. నాకు తెలియదు" అన్నారు.

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఇటు తిరగలేదు. "మీ అమ్మగారి పేరు మీద చదివించారు కదండీ. ఆవిడ కూడా పిల్లల్ని కన్నదేనండి" అంది.

ఆయన పళ్లు బెంచీ మీద పెట్టి వెళ్లిపోయారు. ఆ బెంచీ వీపు మీద కూడా ఆయన తండ్రిగారి పేరే ఉంది. పళ్లు ఎవరూ ముట్టుకోలేదు. మగ్గి, ఈగలు ముసిరాక ఆయా తీసి పారేసింది.

కమిటీ సమావేశం పెట్టారు. డాక్టరమ్మగారు, "గుళ్లో అన్నదానం చేస్తే పెట్టినవాళ్ల పేరు చదువుతాం. తిన్నవాళ్ల పేరు ఎవరైనా చదువుతారా?" అన్నారు. అంతే. ఇంత చిన్న మాట మాలో ఒక్కరికీ ముందు తట్టలేదే అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. మైకు దించేద్దామని చైర్మన్ గారే అన్నారు. అన్నవాడు ఇంకెవరి చేతా చేయించకుండా, నిచ్చెన వేయించుకుని తానే కప్పెక్కి గొట్టాలు విప్పారు. దాతల్లో కొందరు, పేరు లేనిదానికి మేమెందుకివ్వాలని తప్పుకున్నారు. మా ఇబ్బందులు మళ్లీ మొదలయ్యాయి. కాన్పులకి జనం తిరిగి రావడానికీ చాలాకాలం పట్టింది. మైకు దించినంత తేలిగ్గా అది మనుషుల మనసులోంచి దిగలేదు.

అధికారం ఊరికి దగ్గరగా రావడం మంచిదే, నేను కాదనను. కాకినాడకి రాసి రాసి విసిగినదాన్ని. కానీ అది దగ్గరకొచ్చేటప్పుడు మన ఊరి పరువులూ పంతాలూ కూడా వెంటబెట్టుకుని లోపలికొస్తుంది. మీరు ఆ కమిటీల్లో కూర్చునే రోజు వస్తే, పుచ్చుకునేవాళ్లని ఒక్కసారి అడగండి. మేం అడగలేదు.

కొన్నేళ్ల తర్వాత ఆమె మళ్లీ కాన్పుకి వచ్చింది. గేటు దగ్గర ఆగి, ముందు కప్పు వైపు చూసింది. అక్కడ మైకులు కట్టిన ఉత్త ఇనప కడ్డీ మాత్రం మిగిలి ఉంది. దాన్ని చూసి, నన్ను చూసి, లోపలికి వచ్చింది. ఈసారి నెప్పులు సవ్యంగా వచ్చాయి. మగపిల్లాడు పుట్టీ పుట్టగానే కప్పు లేచిపోయేలా ఏడ్చాడు.

నేను నవ్వుకుంటూ తలుపు తీశాను. మొగుడు అదే చోట నిలబడి ఉన్నాడు. ముఖంలో నవ్వు లేదు. చేతులు జోడించలేదు.

"ఏంటయ్యా అలా ఉన్నావు? ఏడుపు వినపడలేదా?" అన్నాను.

"వినపడిందండి" అన్నాడు. "చూపించండి."